మన పంట లెక్క ఎవరి చేతుల ఉన్నది?

(కొండగట్టులో జరిగిన సంఘం కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే అచ్చు వేస్తున్నాం.)



పత్తి ఏరుడు ఇడిచిపెట్టి వచ్చినోళ్లున్నరు, నాట్లకు పొలం దున్నుడు ఆపి వచ్చినోళ్లున్నరు. పొద్దుగాల గుట్ట ఎక్కి అంజన్నను మొక్కి వచ్చినోళ్లు గూడ ఉన్నరు. మీ టైము నేను ఎక్కువ తినను. ఇయ్యాల నాకు ఇచ్చిన అంశం ఫోన్లు, యాప్‌లు, పెద్ద కంపెనీలు. నేను పదో తరగతి చదివినోణ్ని, కంప్యూటర్ ఇంజినీర్ను కాదు. అయినా ఈ ముచ్చట నేనే చెప్త అని అడిగి తీసుకున్న. ఎందుకంటే ఇందుల నా తప్పు ఒకటి ఉన్నది. ముందు అది చెప్పి మొదలుపెడ్త.

రెండేండ్ల కింద పంట నష్టం దరఖాస్తుల కోసం మా ఊర్ల నలభై మంది రైతుల జాబితా రాసిన. పేరు, సర్వే నంబరు, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫోన్ నంబరు అన్నీ ఒక నోటుబుక్కుల రాసిన. అందరికీ అందుబాట్ల ఉంటదని ఆ పేజీలు ఫోటో కొట్టి ఊరి వాట్సాప్ గ్రూపుల పెట్టిన. ఆ గ్రూపుల రెండు వందల పైన మంది ఉన్నరు. అందుల సగం మంది ఎవరో నాకే తెల్వదు. నెల తిరగకముందే కొందరికి ఫోన్లు మొదలైనయి. ‘మీకు పంట నష్టం పైసలు మంజూరైనయి, మీ ఖాతా చివరి నాలుగు అంకెలు ఇవేనా, ఓటీపీ చెప్పండి’ అని. ఖాతా నంబరు కరెక్టుగ చెప్పేసరికి మా ఊరి అక్క ఒకామె నమ్మింది. ఆమె భర్త లేడు. కూలికి పోయి, మక్కలమ్మి దాచిన 26 వేలు పోయినయి.

ఆ సమాచారం నా ఫోటోల నుంచే పోయిందని నేను రుజువు చేయలేను. కాదని గూడ రుజువు చేయలేను. ఆ అక్క నన్ను ఒక్క మాట అనలేదు. ‘నువ్వు మంచికే రాసినవ్ తమ్మీ’ అన్నది. ఆ మాటే నన్ను నిద్ర పోనియ్యలేదు. సంఘం పని చేసుకుంట పోతున్నం అనుకున్న గని, నలభై ఇండ్ల తాళంచెవులు బజార్ల వేలాడదీసిన అని అప్పుడు తెలిసింది.

అప్పటి నుంచి ఊర్లు తిరిగినప్పుడల్లా అందరినీ ఈ సంగతి అడుగుతున్న. మూడు రకాల జవాబులొచ్చినయి. ఒక్కొక్కటి చెప్త, మీది ఏ రకమో మీరే చూసుకోండి.

మొదటి జవాబు: ‘మన దగ్గర దాచుకునేదేమున్నదే? రెండెకరాల భూమి, నాలుగు బర్లు, బ్యాంకుల అప్పు. కంపెనీలు తెలుసుకొని ఏం చేస్తయి?’

అన్నా, ఇది చాలా మంది మాట. నేను గూడ అన్న. కానీ మన తాతలను యాది చేసుకోండి. 1984 దాకా ఊర్ల పటేల్ పట్వారీలు ఉండిరి. పట్వారి దస్తరం ఆయన ఇంట్ల సందుగుల ఉండేది. ఆ రాత మనకు అర్థం కాకపోయేది, ఆ పుస్తకం మనకు చూపించకపోయేది. భూమి దున్నేది మనం, దాని లెక్క ఉండేది ఆయన కాడ. లెక్క ఎవని కాడ ఉంటే బలం వాని కాడ ఉన్నది. 1978 సెప్టెంబరుల జగిత్యాల జైత్రయాత్రకు ఊర్లకు ఊర్లు కదిలి పోయినయంటే అది ఉత్త కూలి రేటు కోసమే కాదు. ఎవని భూమి, ఎవని అప్పు, ఎవని వెట్టి అనే లెక్క ఒక్కని చేతులనే ఉండుడు మీద గూడ కోపం ఉండె.

షావుకారి సంగతి తీసుకోండి. మన ఇంట్ల పెండ్లి ఉన్నదని, దవాఖాన ఖర్చు పడ్డదని ఆయనకు తెలిస్తే పత్తికి ఏం ధర పెడ్తడు? క్వింటాలుకు రెండు వందలు తగ్గిస్తడు. ఆపతి తెలిసినోడు ధర పెట్టేటోడైతే మన గతి ఏమైతదో మనకు ఒకరు చెప్పేది లేదు. ఎవరు ఎన్ని ఎకరాలు వేసిండ్రు, ఎక్కడ పంట ఎండిపోయింది, ఎవరికి అప్పు తీర్చే గడువు దగ్గర పడ్డది అనేది ఊరు ఊరంతా ఒకే కంపెనీకి తెలిస్తే, ఆ కంపెనీ విత్తనాలో మందులో అమ్మేదైతే, పంట కొనేది గూడ అదే అయితే, అది వెయ్యిమంది షావుకార్లతోని సమానం.

ఇది ఊహ కాదు. విత్తనాల కంపెనీ మోన్‌శాంటో 2013ల అమెరికాల క్లైమేట్ కార్పొరేషన్ అనే వాతావరణ సమాచార కంపెనీని దాదాపు 93 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది. విత్తనాలమ్మేటోనికి వాన లెక్కలు, పొలం లెక్కలు ఎందుకంత విలువైనయి? ఏ పొలంల ఏ గింజ ఎంత పండుతదో తెలిస్తే ఏది ఎవరికి ఎంతకు అమ్మాలనో తెలుస్తది. 2018ల ఆ మోన్‌శాంటోనే బేయర్ కొన్నది. అమెరికా రైతులు మనకంటె ముందే మేలుకున్నరు. మా పొలం సమాచారం మాదే, మమ్మల్ని అడగకుండ ఇంకొకరికి ఇయ్యొద్దు అని 2014లనే అక్కడి రైతు సంఘాలు కంపెనీలతోని కూర్చుండి సూత్రాలు రాయించుకున్నయి.

రెండో జవాబు: ‘ఫోను మన మాటలు ఇంటదట. మందు డబ్బా గురించి ఇంట్ల మాట్లాడితే పొద్దుగాల అదే అడ్వటైజ్‌మెంట్ వస్తది.’

ఇది పిల్లలు ఎక్కువ అంటున్నరు. ఇందుల నిజమెంత, అబద్ధమెంత అని జర నిదానంగ చూడాలె. మాటలతోని నడిచే పరికరాలున్నయి కదా, అమెజాన్ అలెక్సా, గూగుల్ అసిస్టెంట్, ఆపిల్ సిరి. వాటికి చెప్పిన మాటలల్ల కొన్నింటిని కంపెనీలు పెట్టిన మనుషులు వింటున్నరని 2019ల బయట పడ్డది. సిరి మీద అమెరికాల కేసు నడిచి, తప్పు ఒప్పుకోకుండనే 9.5 కోట్ల డాలర్లు కట్టేందుకు 2025 జనవరిల ఆపిల్ రాజీకి వచ్చింది. అంటే భయం ఊరికే పుట్టింది కాదు. కానీ ఫోను పొద్దంతా మన మాటలు విని అడ్వటైజ్‌మెంట్లు వేస్తదనే దానికి రుజువు లేదు, కంపెనీలు కాదంటున్నయి.

నేను చెప్పేదేమంటే, వినే అవసరమే లేదు. మనం ఏ దుకాణం కాడ ఎంతసేపు ఉన్నమో ఫోనుకు తెలుసు. గులాబీ పురుగుకు ఏం మందు కొట్టాలని రాత్రి పదకొండింటికి వెతికినం, అది తెలుసు. ఎవరికి ఎన్నిసార్లు ఫోన్ చేసినమో కొన్ని యాప్‌లకు తెలుసు, ఎందుకంటే యాప్ వేసుకునేటప్పుడు ‘అనుమతి ఇయ్యి’ అంటే మనమే ఒత్తినం. ఇన్ని తెలిసినంక చెవి పెట్టి వినే పనేమున్నది? గూగుల్, ఫేస్‌బుక్ మనకు పైస తీసుకోకుండ సేవలు ఇస్తున్నయి. వాటి ఆదాయం ఎక్కువ అడ్వటైజ్‌మెంట్ల నుంచే. మనం వాటికి గిరాకీ కాదు, సరుకు.

అంజన్న గుట్ట కింద కూర్చున్నం కాబట్టి ఒక మాట. హనుమంతుడు సముద్రం దాటి లంకంతా తిరిగి చూసి వచ్చిండు. చూసిన ముచ్చట ఎవరికి చెప్పిండు? పంపిన రామునికి చెప్పిండు. దూత అంటే అట్లుండాలె. మన ఫోను గూడ దూతనే. పైసలు పెట్టి కొన్నది మనం, జేబుల పెట్టుకొని తిప్పేది మనం, చూసి వచ్చిన ముచ్చటంతా చెప్పేది మాత్రం ఇంకొకరికి.

ఈ దూత మనిషి ప్రాణం తీసే దాకా పోతదని మన రాష్ట్రమే చూసింది. 2020ల కరోనా వచ్చి పనులు లేకపాయె. ఐదు నిమిషాలల్ల అప్పు ఇస్తమని యాప్‌లు వచ్చినయి. కాగితం లేదు, జామీను లేదు. ఒక్కటే షరతు, ఫోన్ల ఉన్న నంబర్లు, ఫోటోలు చూసేందుకు ఒప్పుకోవాలె. వారం దాటితే మిత్తి మీద మిత్తి. కట్టకపోతే ఫోన్ల ఉన్న అందరికీ, చెల్లెకు, వియ్యపురాలికి, పనిచేసే కాడ పెద్దమనిషికి ‘ఈమె దొంగ’ అని మెసేజులు. ఫోటోలు మార్చి పంపిండ్రు. ఆ డిసెంబరుల తెలంగాణల ఆత్మహత్యలు జరిగినంక హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేసిండ్రు. మన కాడ షావుకారు ఎంత పిండినా, అప్పు అడిగేటందుకు మన ఇంటికే వచ్చెటోడు. వీడు మన చుట్టాల ఇండ్లకు పోయిండు. ఆ జామీను మనమే ఒక బటన్ ఒత్తి ఇచ్చినం.

2022 సెప్టెంబరుల రిజర్వు బ్యాంకు నియమాలు పెట్టింది. అప్పు యాప్‌లు ఫోన్ల ఉన్న నంబర్ల జాబితాను, ఫోటోలను, కాల్ లిస్టును ముట్టుకోవద్దు అన్నది. ఈ సంగతి ఊర్లల్ల చెప్పండి. ఏ అప్పు యాప్ అయినా నంబర్లు చూపించు అని అడిగిందంటే అది నియమం తప్పినట్టే. అప్పుడే తీసేయండి.

మూడో జవాబు: ‘నువ్వు చెప్పేది నిజమే అన్నా, కానీ యాప్ లేకుంటే పని జరుగుతలేదు. ఏం చేద్దాం?’

ఇది అసలు ముచ్చట. మొదటి రెండింటికి జవాబు చెప్పుడు అల్కనే, దీనికి కష్టం.

పట్నపు మనిషికి ఒక ఫోను నచ్చకపోతే ఇంకోటి కొంటడు, ఒక యాప్ వద్దనుకుంటే తీసేస్తడు. మనకు ఆ వీలు లేదు. 2025 సెప్టెంబరుల కపాస్ కిసాన్ యాప్ వచ్చింది. పత్తికి మద్దతు ధర, 2025-26 సీజన్ల పొడవు పింజకు క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండె, కావాలంటే ఆ యాప్‌ల పేరు నమోదు చేసుకొని స్లాట్ బుక్ చేసుకోవాలె. స్మార్ట్ ఫోన్ లేని ముసలాయన, ఆధార్‌కు పాత నంబరు ఉన్నాయన, కౌలు రైతు ఎక్కడికి పోవాలె? తెల్సిన పిలగాని చేతుల ఫోను, ఆధారు, ఓటీపీ అన్నీ పెడ్తడు. మద్దతు ధర కోసం మన గుట్టు మనమే ఇప్పి ఇస్తున్నం. దీన్ని అనుమతి అంటరా? ఆకలైనోని ముంగట పళ్లెం పెట్టి, సంతకం చేస్తేనే తిను అంటే అది ఒప్పుకున్నట్టా?

ఇంకో సంగతి చూడండి. అదే సీజన్ మొదట్ల ఎకరానికి 7 క్వింటాళ్లే కొంటమని పరిమితి పెట్టిండ్రు. పది, పన్నెండు తీసిన రైతు మిగిలింది ఎవరికి అమ్మాలె? ఆదిలాబాద్‌ల రైతులు రోడ్డు ఎక్కిండ్రు. పొలంల కండ్ల ముంగట పత్తి ఉన్నది, కంప్యూటర్ల సగటు ఉన్నది. గెలిచింది సగటు. అందుకే నేను అంటున్న, సమాచారం అంటే ఉత్త దొంగతనం ముచ్చట కాదు. ఎవరో దొంగిలిస్తరు అనేది ఒక భయం. ఆ లెక్కనే మన మీద తీర్పు చెప్తది అనేది దానికంటె పెద్ద భయం.

ఒక కాలం తీసేస్తే మనిషే మాయమైతడు. పాత పహాణీల పట్టాదారు పేరు పక్కన అనుభవదారు అని ఒక కాలం ఉండె. 2020 అక్టోబరుల ధరణి వచ్చినంక ఆ కాలం కనపడలేదు. కౌలు చేసేటోడు, సాదా కాగితం మీద కొన్నోడు, ఏండ్ల నుంచి దున్నుకుంటున్నోడు కంప్యూటర్ల లేకుండ పోయిండ్రు. అన్ని ఊర్ల భూముల లెక్క నడిపే పని ప్రైవేటు కంపెనీ చేతుల పెట్టి, 2024 చివర్ల మల్ల సర్కారు సంస్థ ఎన్‌ఐసీకి మార్చిండ్రు. 2025 ఏప్రిల్‌ల భూభారతి తెచ్చిండ్రు. నాలుగేండ్లు మన భూముల లెక్క ఎవరెవరు చూసిండ్రో మనకు ఒక్క కాగితం చెప్పినోడు లేడు.

ఇప్పుడు ఫార్మర్ రిజిస్ట్రీ. మన రాష్ట్రంల 2025 మే నుంచి ఏఈఓలు నమోదు చేస్తున్నరు. రైతుకు 11 అంకెల నంబరు ఇస్తరు. ఇది ఢిల్లీల మొదలైన అగ్రిస్టాక్ అనే పెద్ద పనిల ఒక భాగం. దాని పుట్టుక మీరు తెలుసుకోవాలె. 2021 ఏప్రిల్‌ల కేంద్ర వ్యవసాయ శాఖ మైక్రోసాఫ్ట్‌తోని ఒప్పందం చేసుకున్నది. ఆంధ్రప్రదేశ్‌తోని కలిపి ఆరు రాష్ట్రాలల్ల 100 ఊర్లల్ల ప్రయోగం అన్నది. తర్వాత అమెజాన్, పతంజలి లాంటి వేరే సంస్థలతోని గూడ ఒప్పందాలు జరిగినయి. అప్పటికి దేశంల వ్యక్తిగత సమాచారాన్ని కాపాడే చట్టమే లేదు. రైతులను అడగకుండ వాళ్ల లెక్కలు కంపెనీలతోని ఎట్ల పంచుకుంటరని 55 సంఘాలు, సంస్థలు కలిసి సర్కారుకు ఉత్తరం రాసినయి. అప్పుడు మనోళ్లంత ఢిల్లీ పొలిమేరల మూడు సాగు చట్టాల మీద కొట్లాడుతుండిరి. ఇది ఎక్కువ మంది చెవిన పడలేదు.

మన రాష్ట్రం గూడ 2023 ఆగస్టుల హైదరాబాద్‌ల అడెక్స్ అనే వ్యవసాయ సమాచార వేదికను మొదలుపెట్టింది. సర్కారు, కంపెనీలు, పరిశోధనా సంస్థలు అక్కడ వ్యవసాయ సమాచారం ఇచ్చి పుచ్చుకునేటందుకు. రైతు ఒప్పుకోవాలె అనే నియమం గూడ కాగితం మీద రాసిండ్రు. మంచిదే. కానీ మన మండలంల ఒక్క రైతునైనా కూర్చోబెట్టి ‘నీ లెక్క ఫలానా కంపెనీకి ఇస్తున్నం, ఇష్టమేనా’ అని తెలుగుల అడిగినోళ్లున్నరా? ఉంటే చెయ్యి ఎత్తండి. (ఎవరూ ఎత్తలేదు.)

ఒక పక్కనే మాట్లాడిన అనుకోవద్దు. ఈ విద్య మనకు అక్కరకు వస్తది. 2016ల కర్నూలు జిల్లా దేవనకొండ మండలంల ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు తెలుగుల మెసేజులు పంపినయి. ఎప్పుడు విత్తాలె, ఎప్పుడు ఆగాలె అని. దిగుబడి 30 శాతం పెరిగిందని ఆ సంస్థలు చెప్పినయి. వానల నమ్మకం లేని ఈ కాలంల అట్లాంటి మెసేజు వస్తే నేను గూడ సంతోషపడ్త. దానికి మామూలు ఫోను చాలు, మన బ్యాంకు ఖాతా అక్కర్లేదు. నా గొడవ యంత్రంతోని కాదు. ఇచ్చేది గోరంత, అడిగేది కొండంత అయినప్పుడే గొడవ.

అడిగితే ఏమన్న అయితదా అంటరా? అయితది. 2015ల ఫేస్‌బుక్ కంపెనీ మనదేశంల ఫ్రీ బేసిక్స్ అని తెచ్చింది. పేదలకు, రైతులకు పైస లేకుండ ఇంటర్నెట్ అన్నది. కానీ వాళ్లు ఒప్పుకున్న వెబ్‌సైట్లే వస్తయి, అన్నీ రావు. మహారాష్ట్ర రైతు ఒకాయనకు ఎంత లాభమో చూడండి అని ఆ కంపెనీ యజమాని జుకర్‌బర్గ్ పత్రికల వ్యాసం రాసిండు. దేశమంతా లక్షల మంది వద్దని రాసినంక, 2016 ఫిబ్రవరి 8న టెలికాం సంస్థ ట్రాయ్ అట్లాంటి వేరు వేరు రేట్లు చెల్లవన్నది. మూడు రోజులల్ల ఫేస్‌బుక్ దుకాణం మూసుకున్నది. మన పేరు చెప్పి వచ్చినోణ్ని జనమే వాపసు పంపిండ్రు.

కోర్టు గూడ మన పక్కన ఒక మాట చెప్పింది. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుల తొమ్మిది మంది జడ్జీలు ఒక్క గొంతుతోని గోప్యత ప్రాథమిక హక్కు అన్నరు. వాట్సాప్ 2021ల ‘మా కొత్త షరతులు ఒప్పుకో, లేకుంటే పో’ అన్నదానికి, 2024 నవంబరుల సీసీఐ 213 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఈ సీసీఐ పత్తి కొనే సీసీఐ కాదు, కాంపిటీషన్ కమిషన్. కంపెనీ అప్పీలుకు పోయింది, అది వేరే సంగతి. ‘ఒప్పుకో లేకుంటే పో’ అనుడు ప్రైవేటు కంపెనీకి తప్పయితే, మద్దతు ధర కాడ, రైతు భరోసా కాడ, యూరియా కాడ గూడ తప్పు కావాలె కదా? ఇది మనం గట్టిగ అడగాల్సిన ప్రశ్న.

2023ల వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరుల వచ్చినయి. ముఖ్యమైనయి అమలు కావడానికి ఇంకా ఏడాదిన్నర గడువు ఇచ్చిండ్రు. అందుల మనకు పనికొచ్చేది ఉన్నది. అనుమతి అడిగే కాగితం తెలుగుల కావాలని అడిగే హక్కున్నది, ఇచ్చిన అనుమతి వాపసు తీసుకునే హక్కున్నది. లోపం గూడ ఉన్నది. సర్కారు పథకాలు, సబ్సిడీల కోసమైతే అనుమతి లేకుండనే వాడుకునేందుకు సందు పెట్టిండ్రు. దానికి తోడు అదే చట్టంతోని సమాచార హక్కు చట్టంల 8(1)(జె) మార్చిండ్రు. ఇన్నేండ్లు మనం పరిహారం జాబితాల ఎవరెవరి పేర్లున్నయో అర్జీ పెట్టి తీసినం, దొంగ పేర్లు పట్టుకున్నం. ఇప్పుడు ‘ఇది వ్యక్తిగతం’ అని తిప్పి పంపొచ్చు. మన గుట్టు వాళ్లకు తెలవాలె, వాళ్ల లెక్క మనకు తెలవొద్దు. ఇదేం న్యాయం?

ఇగ ఏం చేద్దామో చెప్పి ముగిస్త.

ముందు మన ఇల్లు మనం ఊడ్చుకుందాం. సంఘం కాడ ఉన్న రైతుల జాబితాలల్ల పని అయిపోయినయి అందరి ముంగట చింపెయ్యాలె. ఆధార్, ఖాతా నంబర్లు ఏ గ్రూపులనూ పెట్టొద్దు. ఇది తీర్మానంగ రాయమని కోరుతున్న. నా నోటుబుక్కు ఆ నలభై మందిని పిలిచి, వాళ్ల ముంగటనే చింపిన.

రెండోది, ఊర్ల ప్రతి ఇంటికీ నాలుగు మాటలు చెప్పాలె. ఓటీపీ కొడుకైనా సరే ఎందుకో తెల్వకుండ చెప్పొద్దు. వాట్సాప్‌ల పీఎం కిసాన్ అని, బ్యాంకు అని వచ్చే ఏపీకే ఫైలు ఒత్తొద్దు, ఒత్తితే ఫోను వాళ్ల చేతులకు పోతది. పైసలు పోతే సిగ్గుపడి ఇంట్ల కూర్చోవద్దు, 1930కి అప్పుడే ఫోన్ చేయాలె, ఎంత జల్దీ చేస్తే అంత ఆశ. ఎవరు సమాచారం అడిగినా మూడు ప్రశ్నలు వేయాలె: నువ్వెవరు, ఎందుకు, ఎవరెవరికి ఇస్తవ్?

మూడోది, సర్కారును అడగాల్సినయి. యాప్ ఉండనీ, కానీ యాప్ ఒక్కటే దర్వాజ కావొద్దు. ప్రతి కొనుగోలు కేంద్రం కాడ కాగితం మీద పేరు రాసుకునే మనిషి ఉండాలె. మన లెక్క ఏ కంపెనీకి ఇచ్చిండ్రో గ్రామసభల చదివి వినిపించాలె. కౌలు రైతు పేరు లెక్కల ఎక్కాలె. దానికి 2011 నాటి లైసెన్సు సాగుదారుల చట్టం ఉండనే ఉన్నది, కాగితం మీద పండుకున్నది, లేపాలె. ఏఈఓల మీద కోపం పెట్టుకోవద్దు. డిజిటల్ పంట సర్వే భారం మాతోని కాదని 2024 అక్టోబరుల వాళ్లు గూడ ఆందోళన చేసిండ్రు. వాళ్లు గూడ ఈ యాప్‌ల కింద నలిగేటోళ్లే.

ఆ అక్క ముచ్చట పూర్తి చేస్త. బ్యాంకుకు, పోలీస్ స్టేషన్‌కు ఆమెతోని నేను తొమ్మిది సార్లు తిరిగిన. పైసలు ఇంతవరకు రాలేదు. పోయిన నెల ఆమె ఇంటికి ఒక పిలగాడు ట్యాబ్ పట్టుకొని వచ్చిండట, ఏదో సర్వే అని. ఆమె దర్వాజ కాడ నిలబడి అడిగిందట, ‘నువ్వెవరు బిడ్డా, ఎందుకు, ఎవరికి ఇస్తవ్?’ అని. పిలగాడు జవాబు చెప్పలేక ఎల్లిపోయిండు. ఆ మూడు ప్రశ్నలు నేను ఆమెకు నేర్పలేదు. ఆమె దగ్గరనే నేను నేర్చుకున్న.

బువ్వ తిన్నంక అందరం ఫోన్లు తీసి ఏ యాప్‌కు ఏం అనుమతి ఇచ్చినమో చూసుకుందాం. డిగ్రీ చదివే మన పిల్లలు ఇద్దరు వచ్చిండ్రు, చూపిస్తరు. సెలవు.